ఎవరి పిడికెడు వాళ్లది

చేప ఒళ్ళు గోక్కుంటుందని ఎవరైనా చెబితే అద్దాలమ్మాయి ఒకప్పుడు పకపకా నవ్వేది. ఇప్పుడు పెరట్లో కొలను అంచున గొంతుక్కూర్చుని, నోట్లో బ్రష్షు నోట్లోనే ఉండగా, అదే చూస్తోంది. నిమ్మకాయ అనే పసుప్పచ్చటి చేప పక్కకి ఒరిగి, గోడరాయికి డొక్క రుద్దుకుని, ఎవరో చరిచినట్టు ఉలిక్కిపడి పారిపోయి, మళ్ళీ వచ్చి అక్కడే రుద్దుకుంటోంది. పెద్దాయన, అంటే తెల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చలున్న ముసలి చేప, పంపు నీళ్ళు పడేచోట మూతి పైకెత్తి గాలి మింగుతున్నాడు. మసిబొగ్గూ, చుక్కలదీ అడుగున ఒక మూల రెక్కలు ముడుచుకుని పడి ఉన్నాయి. కోయ్ అనే ఈ పెంపుడు రంగు చేపలంటే మనిషి నీడ పడితే చాలు, బడి గంట కొట్టగానే పిల్లలు గేటు దగ్గరికి ఉరికినట్టు ఉరకాలి. ఇవి తలైనా తిప్పలేదు.

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని కాబట్టి వీధిలో అందరికీ ఆమె అద్దాలమ్మాయి. ఇంట్లో మాత్రం కోడలు. భర్త పోయి ఏడాది కావస్తున్నా కోడలనే మాట అలాగే మిగిలిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో అత్తగారికీ తెలియదు, మామగారికీ తెలియదు, ఆమెకీ తెలియదు. అందుకని ముగ్గురూ ఆ మాట జోలికి పోకుండా, పోయినవాడి మాట అసలే ఎత్తకుండా, తలుపులు నెమ్మదిగా వేసుకుంటూ, టీవీ చిన్నగా పెట్టుకుంటూ బతుకుతున్నారు.

కొలను అతను తవ్విందే. గుంటలో రబ్బరు షీటు పరిచి, చుట్టూ రాళ్ళు పేర్చి, పక్కన ఫిల్టరు డ్రమ్ము బిగించి, చేపల్ని తెచ్చి వదిలాడు. పేర్లు ఇద్దరూ కలిసి పెట్టారు. మేతకి మాత్రం అతను ఒకటే నియమం పెట్టాడు: పొద్దున ఒక్క పిడికెడు, అంతే. "వీటికి కడుపు నిండిందో లేదో వీటికే తెలీదు, పెడుతూ పోతే తింటూనే ఉంటాయి, మా నాన్న స్నేహితుల్లాగా" అనేవాడు. ఆ నియమాన్ని ఆమె తు.చ. తప్పకుండా పాటిస్తోంది. కాకపోతే సాయంత్రం షాపు నుంచి వచ్చాక, చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి వెళ్ళి నాలుగు గింజలు వేస్తుంది. అది లెక్కలోకి రాదు. ఆ వేళకి అతను పని నుంచి వచ్చి వాటితో కబుర్లాడేవాడు. వాటికి మాత్రం ఎదురుచూపు ఉండదూ?

"ఏమైంది?" వంటింటి కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"నిమ్మకాయకి ఒంట్లో బాగున్నట్టు లేదత్తయ్యా. ఊరికే రాయికి రుద్దుకుంటోంది."

"ఎలా బాగుంటుందిలే. చూసే దిక్కుంటే కదా."

అద్దాలమ్మాయి నోట్లో నురుగు ఉమ్మేసి లేచింది. ఈమధ్య ఆవిడ మాటలన్నీ ఇలాగే ఉంటున్నాయి. మొహం మీద అనదు, కిటికీలోంచో, ఫ్రిజ్ తలుపు చాటు నుంచో అంటుంది. బదులు చెబుదామని తిరిగేసరికి ఆవిడ అక్కడ ఉండదు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి నిమ్మకాయ వెల్లకిలా తేలుతోంది. మామగారు అప్పటికే పాత బకెట్టు తెచ్చి పక్కన పెట్టుకుని, అందులోకి చేపని తియ్యడానికి చెయ్యి రాక, పంపు మూత స్క్రూలు బిగిస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ కష్టమొచ్చినా ముందు స్క్రూడ్రైవరు పట్టుకుంటాడు. కొడుకు పోయిన వారంలో ఇంట్లో ఉన్న తలుపులన్నిటి బందులూ ఊడదీసి మళ్ళీ బిగించాడు.

"నేను తీస్తాలే మామయ్యా" అంది. రెండు చేతులూ నీళ్ళలో పెట్టి ఎత్తింది. చేప ఒళ్ళు జిగటగా ఉంది. రెక్కల్లో సన్నటి ఎర్ర గీతలు, పొట్ట మీద గోరంత పుండు. మామగారు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు నెమ్మదిగా అంది. "వాడున్నప్పుడు ఒక్కటైనా చచ్చిందా? వాడి చెయ్యి వేరు."

మరి నా చెయ్యి ఏం చేసిందని అడగాలనిపించింది. ఆ చేతుల్లోనే చచ్చిన చేప ఉంది కాబట్టి అడగలేకపోయింది.

*

మర్నాడు షాపులో మిషను ముందు కూర్చుంది. అద్దం మధ్యలో సిరాచుక్క పెట్టి, అద్దాన్ని పట్టి ఉంచే రబ్బరు మూతికి అతికించి, నీళ్ళు కారుతున్న చక్రానికి ఆనించింది. చక్రం గీపెడుతూ అంచు కొరుకుతుంటే నీళ్ళతో కలిసి తెల్లటి పిండి కారింది. ఆమెకి అందులో చేప నోరు తెరుస్తూ మూస్తూ కనిపించింది. తీసి ఫ్రేములో పెట్టి చూస్తే ఎడమ కంటి అద్దాన్ని కుడి కంటి కొలతకి అరగదీసింది.

షాపు యజమానురాలు ఆ అద్దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టింది. "అద్దం పోతే ఇంకోటి తెప్పిస్తాను. వేలు పోతే ఎక్కడ తెప్పించను? పో, పోయి నీ పనేదో చూసుకుని రా" అంది.

ఆమె పని బుడగల బాబాయి దగ్గర. రంగు చేపలు అమ్మే షాపతను. ఆ గదినిండా గాజు తొట్లే, ప్రతి తొట్టిలోనూ బుడగలే. ఆ గుడగుడల మధ్య ఏళ్ళ తరబడి అరిచి అరిచి మాట్లాడటం వల్ల వీధిలో నిలబడి కూడా అలాగే అరుస్తాడు.

"రుద్దుకుంటున్నాయా? అయితే పురుగే!" అని ఆమె చెప్పడం పూర్తి కాకముందే తేల్చేశాడు. "కంటికి కనపడని పురుగు. మొప్పల్లో చేరి పీకుతుంది. ఇదిగో ఈ మందు. ఉప్పు కూడా వెయ్యి. ఊళ్ళో చేపలన్నీ నా మందు మీదే బతుకుతున్నాయి, తెలుసా!"

"పుండు కూడా ఉంది బాబాయ్."

"గోక్కుంటే పుండు పడదూ? నువ్వు గోక్కున్నా పడుతుంది!"

మందు వేసింది, ఉప్పూ వేసింది. కొలను నీలంగా మారింది. ఆ నీలంలో పెద్దాయన ఎర్రమచ్చలు నల్లగా కనిపించాయి. అతను అలాగే మూతి పైకెత్తి గాలి మింగుతున్నాడు. ఏదో ఒకటి చేశానన్న ధైర్యంతో, అలవాటుగా డబ్బా మూత తీసి సాయంత్రపు నాలుగు గింజలూ చల్లింది. బలం ఉంటేనే కదా మందు పనిచేసేది!

అక్కడే, కొలను గట్టు మీద ఉండగా, అన్నయ్య ఫోన్ చేశాడు. అతనుండే ఊరు దూరం. అక్కడ పెద్ద షాపులో ఆమెకి ఉద్యోగం చూశాడు.

"వాళ్ళు మళ్ళీ అడిగారు బుజ్జీ. వస్తావా, రావా? ఏదో ఒకటి తేల్చు."

"చేపలున్నాయన్నయ్యా."

"మళ్ళీ అదే మాట!"

"ఒంట్లో బాగాలేదు వాటికి. ఇలా వదిలేసి ఎలా రాను?"

"అత్తగారిని ఒప్పించాలంటే అర్థముంది. మామగారిని ఒప్పించాలంటే అర్థముంది. చేపల్ని ఒప్పించడమేంటే!"

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. నిజానికి ఆమె ఒప్పించలేకపోతున్నది తననే. వెళ్ళాలనే ఉంది. ఈ ఇంట్లో ప్రతి గోడా భర్తని గుర్తుచేస్తుంటే ఊపిరాడటం లేదు. కానీ పెట్టె సర్దడమంటే అతన్ని రెండోసారి పంపించెయ్యడంలా ఉంది. ఇదంతా అన్నయ్యకి చెప్పడం చేతకాక, అడిగినప్పుడల్లా చేపల్ని అడ్డం పెట్టుకుంటోంది. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి తాడు మీది బట్టలు తీస్తున్న అత్తగారు కనిపించింది. ఆవిడ మడిచిన చొక్కానే విప్పి మళ్ళీ మడుస్తోంది.

తెల్లారేసరికి చుక్కలది పోయింది. దాన్ని బకెట్టులోకి తీస్తూ, 'ఇంక రెండే' అనుకుంది. అనుకున్నాక ఆ మాటలో ఏదో తేలికదనం ఉన్నట్టు తోచి, తన మీద తనకే అసహ్యం వేసింది. బకెట్టు అక్కడే పెట్టి, కుళాయి దగ్గర చేతులు ఎర్రబడేదాకా కడుక్కుంది.

*

సెలవురోజు బుడగల బాబాయి స్వయంగా వచ్చాడు. వస్తూనే మొహం మాడ్చుకున్నాడు. కొలనులో నీళ్ళు చిన్న సీసాలో పట్టి, జేబులోంచి మందు తీసి చుక్కలు వేసి, సీసా మూత బిగించి గిలకొట్టాడు. అద్దాలమ్మాయి పక్కనే నిలబడింది. మామగారు స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. అత్తగారు గుమ్మం దాటలేదు. సీసాలో నీళ్ళు ముందు లేతగా, చూస్తుండగానే చిక్కటి ఆకుపచ్చగా మారాయి.

బాబాయి ఆ సీసాని ఎండకి ఎత్తి పట్టుకుని, మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడాడు. "నా మందు తప్పమ్మా. పురుగు కాదు. ఇది తిండి జబ్బు."

"అంటే?"

"మేత ఎక్కువైపోయింది. తిన్నంత తిని విసర్జిస్తాయి, తినంది అడుగున కుళ్ళుతుంది. ఫిల్టరు ఎంతని మోస్తుంది? నీళ్ళు విషమైపోయాయి. అదే వాటి ఒళ్ళు కాలుస్తోంది, అందుకే ఆ రుద్దుకోవడం. పెట్టేది ఎవరు?"

మామగారు స్టూలు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"ఆ అమ్మాయే పెడుతుంది" అంది అత్తగారు గుమ్మంలోంచి. "మేమెవరం ముట్టుకోం."

అద్దాలమ్మాయి మామగారి వైపు చూసింది. ఆయన స్టూలు కాలు ఊగుతోందేమోనని వంగి చూసుకుంటున్నాడు.

"నేను పొద్దున పిడికెడే వేస్తాను బాబాయ్" అంది. గొంతు సన్నగా వచ్చింది. అబద్ధం చెబుతున్నవాళ్ళ గొంతులా ఉందని తనకే అనిపించింది.

"పిడికెడుకి ఇంత పచ్చదనం రాదమ్మా." బాబాయి సీసాలో నీళ్ళు చెట్టు మొదట్లో పారబోశాడు. "ఇప్పట్నుంచీ ఒక్క గింజ వెయ్యకు. రోజూ సగం నీళ్ళు మార్చు. చేప పస్తులకి చావదు. తిండికి చస్తుంది."

అతను వెళ్ళిపోయాక అత్తగారు లోపలికి వెళుతూ అంది. "మనసు ఇక్కడ లేనప్పుడు ఎంత పెట్టామో, ఎన్నిసార్లు పెట్టామో ఏం గుర్తుంటుంది."

ఆ మాట గుండెలో సూదిలా దిగింది. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఫిల్టరు డ్రమ్ము మూత లాగి పక్కన పడేసి, మోచేతుల దాకా లోపలికి పెట్టి స్పాంజీలు ఒక్కొక్కటే పైకి తీసింది. వాటిని కుళాయి నీళ్ళలో కడగకూడదని, కొలను నీళ్ళే బకెట్టులో పోసుకుని పిండాలని అతను నేర్పాడు. పిండింది. నల్లటి బురద కారింది. కుళ్ళు కంపు కొడుతున్నా మొండిగా మళ్ళీ పిండింది. వేళ్ళకి ఏదో తగిలింది. పల్చగా, మెత్తగా, లేత ఆకుపచ్చగా ఉంది. వేలి కొసన పెట్టుకుని, షాపులో అద్దాన్ని చూసినట్టు వెలుతురుకి పట్టి చూసింది. బఠానీ తొక్క. ఇంకోటి. ఇంకోటి. స్పాంజి గుంటల నిండా ఉడికిన బఠానీ తొక్కలే. వాటి మధ్య ఉబ్బిపోయిన రొట్టె ముద్దలు, అంచులు కోసిన రొట్టెవి.

ఈ ఇంట్లో రొట్టె అంచులు కోసేది ఒక్కరే. చిన్నప్పుడు కొడుకు అంచులు తినేవాడు కాదని, వాడు అన్నీ తినే వయసొచ్చాక కూడా కోస్తూనే ఉన్న మనిషి.

అద్దాలమ్మాయి బురద చేతులతో వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. ఆ తొక్కల్ని బల్ల మీద పెట్టి, ఇవేంటత్తయ్యా అని అడగాలి. అక్కడ అత్తగారు ఈ వైపు వీపు పెట్టి, చిన్న గిన్నెలో బఠానీలు మెదుపుతోంది. తొక్క విడిపోయేలా ఒక్కో గింజనీ వేళ్ళతో నలుపుతోంది, పళ్ళు రాని పిల్లలకి మెదిపినట్టు. ఆ మోచేయి కదలడం చూసి చప్పుడు కాకుండా వెనక్కి తిరిగింది.

చేతులు కడుక్కుని, కోపం ఎటు మళ్ళించాలో తెలియక, మాసిన బట్టలు మిషనులో వెయ్యబోయింది. మామగారి చొక్కాల జేబులు తడమడం అలవాటు, మరలూ మేకులూ ఉంటాయి. ఈసారి మరలు లేవు. జేబు అడుగున గరగరలాడే పొడి. వాసన చూడక్కర్లేదు, రోజూ ముట్టుకునేదే. చేపల మేత. రెండో చొక్కా జేబులోనూ అదే. ఆయన తెల్లారగట్ట నడకకి బయల్దేరుతూ పెరటి తలుపు గుండా వెళ్ళడం ఎందుకో ఆమెకి ఇప్పుడర్థమైంది.

ఇద్దరూ! బాబాయి అడిగితే ఒకరు గుమ్మంలోంచి తన మీదికి తోశారు, ఇంకొకరు స్టూలు కాలు చూసుకున్నారు. ఎంత అన్యాయం! ఈ ఇంట్లో ఇంకొక్క రోజు కూడా ఉండకూడదు అనుకుంది. రుసరుసలాడుతూ పెరట్లోకి వచ్చింది. చీకటి పడబోతోంది. ఆమె రావడం చూసి పెద్దాయన కష్టం మీద ఒడ్డు వైపు ఒక మూరెడు వచ్చాడు. ఆమె కాళ్ళు వాటంతట అవే మేత డబ్బా దగ్గరికి నడిచాయి, చెయ్యి దానంతట అదే లోపలికి వెళ్ళింది. బయటికి తీసి చూసుకుంది.

నాలుగు గింజలు కాదు. గుప్పెట్లో పట్టినన్ని, వేళ్ళ సందుల్లోంచి రాలిపడేటన్ని ఉన్నాయి.

ఇన్ని నెలలూ ఆ గుప్పెటని ఆమె ఒక్కసారి కూడా విప్పి చూసుకోలేదు. పొద్దున తను వేస్తోంది, అంతకు ముందే ఆయన వేస్తున్నాడు, మధ్యాహ్నం ఆవిడ, సాయంత్రం మళ్ళీ తను. ఎవరికి వాళ్ళు, ఈ ఇంట్లో వాణ్ణి తలుచుకునేది నేనొక్కర్తినే, నేనొక్కణ్ణే అనుకుంటూ. అద్దాలమ్మాయి గుప్పెట విప్పి గింజల్ని డబ్బాలో పోసేసింది. అప్పుడొచ్చింది ఏడుపు.

*

మసిబొగ్గు ఆ వారం మధ్యలో పోయింది. ఇక పెద్దాయన ఒక్కడే మిగిలాడు, వీపు మీద నాణెమంత పుండుతో.

ఆమె షాపుకి సెలవు పెట్టి, బట్టలు నానబెట్టే పెద్ద నీలం తొట్టిని హాల్లోకి ఈడ్చింది. సోఫా ఒక పక్కకి జరిపి, నట్టింట్లో పెట్టింది. ముందురోజు నుంచి పట్టి ఉంచిన నీళ్ళు బకెట్లతో మోసి నింపింది, ఉప్పు కలిపింది, బుడగల గొట్టం వదిలింది. పెద్దాయన్ని తడి తువ్వాల్లో పెట్టుకుని తెచ్చి నెమ్మదిగా దింపింది.

"ఇదేంటి, నట్టింట్లోనా?" అంది అత్తగారు. "ఇక్కడెందుకు?"

"ఇక్కడైతే అందరికీ కనిపిస్తాడత్తయ్యా. బాబాయి మేత వద్దన్నాడు, తెలుసుగా. ఒక్క గింజ కూడా."

"నాకెందుకు చెప్తావ్? పెట్టేదానివి నువ్వు."

ఆమె వంగి నేల మీద ఒలికిన నీళ్ళు తుడిచింది.

మర్నాడు పొద్దున ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే, తొట్టి వెనకాల కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆమెకి అడుగుల చప్పుడు వినిపించింది. మామగారు. నడక బూట్లు వేసుకున్నాడు. తొట్టి దగ్గర ఆగి, జేబులో చెయ్యి పెట్టి, పిడికిలి బయటికి తీశాడు. నీళ్ళ మీద పట్టుకున్నాడు. విప్పలేదు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. అంతలో వంటింటి వైపు నుంచి అత్తగారు చిన్న గిన్నె కొంగు చాటున పెట్టుకుని వచ్చింది. తొట్టికి చెరో పక్కనా ఇద్దరూ నిలబడిపోయారు.

"గిన్నెలో ఏంటది?" అన్నాడాయన.

"మీ చేతిలో ఏంటో ముందది చెప్పండి."

ఆయన పిడికిలి విప్పాడు. ఆవిడ గిన్నె మీది కొంగు తీసింది. ఇంతకాలం కాపురం చేసినవాళ్ళు, ఒకే మంచం మీద పక్కపక్కన పడుకుని లేచేవాళ్ళు, దొంగతనం చేస్తూ ఎదురుపడ్డ పిల్లల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"వాడు పోయిన దగ్గర్నుంచి. మీరు?"

"అంతే." ఆయన తొట్టి అంచు పట్టుకుని కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. "నేనొక్కణ్ణే అనుకున్నానే. నువ్వు మర్చిపోయావనుకున్నా. వాడి పేరెత్తవుగా."

"మీరెత్తారా?"

దుప్పటి కదలడంతో ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అద్దాలమ్మాయి లేచి వచ్చి వాళ్ళ మధ్య నేల మీద కూర్చుంది.

"నేను సాయంత్రాలు కూడా వేశాను" అంది. "ఇంతింత."

ఎంతో చూపించడానికి చేసిన గుప్పెట ఆమె ఒళ్ళో అలాగే ఉండిపోయింది. మామగారు ఆ గుప్పెటని చూసి, తన అరచేతిని చూసుకుని, "ఒక్క పిడికెడే అని మొత్తుకునేవాడు" అన్నాడు. "నా స్నేహితుల మీద కూడా ఏదో వేళాకోళం ఆడేవాడు."

"పెడుతూ పోతే తింటూనే ఉంటారని" అంది ఆమె.

"అదే. వెధవ." ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు నోటి దాకా వచ్చి పాడైపోయింది. అత్తగారు గిన్నె నేల మీద పెట్టి, కొంగు మొహానికి పట్టుకుని బావురుమంది. ఆ ఇంట్లో ఎవరైనా బయటికి వినపడేలా ఏడవడం అదే మొదలు. ఎవరూ ఎవర్నీ ఊరుకోమనలేదు. పెద్దాయన వాళ్ళ మధ్య నీళ్ళలో పక్కకి ఒరుగుతూ, నిలదొక్కుకుంటూ, మళ్ళీ ఒరుగుతూ ఉన్నాడు.

ఆ రోజంతా వాళ్ళు ఆ తొట్టి చుట్టూనే ఉన్నారు. మామగారు బకెట్లు మోశాడు. అద్దాలమ్మాయి నీళ్ళు మార్చింది, పుండు మీద మందు అద్దింది. అత్తగారు చేప ఒరిగినప్పుడల్లా అరచెయ్యి డొక్క కింద పెట్టి నిలబెట్టింది. మధ్యమధ్య అతని మాటలు చెప్పుకున్నారు, ఈ కొలను తవ్వేటప్పుడు పలుగు దెబ్బకి కుళాయి గొట్టం పగిలితే వీధంతా చేరడం, మొదటి చేపని తెచ్చిన రోజు స్నానాల తొట్టిలో పెట్టి మూడు రోజులు ఎవర్నీ స్నానం చెయ్యనివ్వకపోవడం. మధ్యాహ్నం దాటాక అత్తగారి చేతిలోనే పెద్దాయన మొప్పలు ఆగిపోయాయి. ఆగాయని ఆవిడకి తెలుసు. అయినా చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

మామగారు పెరట్లో గుంట తవ్వాడు. పూడ్చడం అయ్యాక ఆయన కొలను నీళ్ళు తోడెయ్యడానికి గొట్టం వేసి అక్కడే నిలబడ్డాడు. అత్తాకోడళ్ళు మట్టి చేతులతో గట్టు మీద కూర్చున్నారు. నీళ్ళు నెమ్మదిగా దిగుతూ, రాళ్ళ మీద పాచి గీత బయటపడుతోంది.

"ఇంక వెళ్ళిపోతావు" అంది అత్తగారు.

అద్దాలమ్మాయి తలెత్తింది.

"ఫోన్లో మీ అన్నయ్యతో అంటుంటే విన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. చేపలున్నాయి, రాలేను అని. అంటే ఇవి ఉన్నన్నాళ్ళూ నువ్వు ఉంటావనేగా. ముందు వాడి కోసమే పెట్టేదాన్ని, కాదనను. అది విన్నాక నీకోసం పెట్టాను. ఆ గింజలేం బలం, బక్కచిక్కి చస్తాయేమోనని రొట్టె, బఠానీలు..." ఆవిడ చేతికంటిన మట్టిని గోటితో గీకుతూ ఉంది. "వాణ్ణి ఎలాగూ ఆపలేకపోయాను. నిన్నైనా ఆపుకుందామనుకున్నా."

"మరి నన్ను అన్నేసి మాటలు ఎందుకన్నారత్తయ్యా?"

"భయమేసి. ఒక్కొక్కటే చస్తుంటే, నువ్వే చంపుతున్నావేమో అనుకున్నాను. అడ్డు తొలగించుకుని వెళ్ళిపోడానికి." ఆవిడ తల ఎత్తలేదు. "ఉత్తుత్తినే కాదు. నిజంగానే అనుకున్నాను."

కోపం రావాల్సిన మాటే అది. ఆమెకి కోపం రాలేదు. బకెట్టు ముందు నిలబడి 'ఇంక రెండే' అనుకున్న పొద్దు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తను ఎవరికీ అక్కర్లేదని, అయినా పోలేక పడి ఉన్నానని అనుకుంది. వద్దనుకునేవాళ్ళ దగ్గర్నుంచి వెళ్ళాలంటే, వాళ్ళు గెంటేసినట్టు ఉంటుందని కాబోలు, మొండిగా ఉండిపోయింది. ఈ ముసలావిడ చాటుగా బఠానీలు మెదిపి మెదిపి తనని కట్టేసుకోవాలని చూసిందని తెలిశాక ఆ మొండితనమంతా కరిగిపోయింది. ఇప్పుడు వెళ్ళగలదు. ఆ సంగతి తెలియడమే అన్నిటికంటే దుఃఖంగా ఉంది.

"వెళ్తానత్తయ్యా" అంది. అతికష్టం మీద అంది. "వచ్చే నెల."

అత్తగారు తలూపింది. కొలను అడుగు కనిపిస్తోంది, బురదా, నానిన మేతా, రబ్బరు షీటు ముడతలూ. నీళ్ళు అయిపోయి గొట్టం గాలి పీల్చడం మొదలుపెట్టింది. మామగారు దాన్ని చుట్ట చుడుతూ, ఈ మాటలు విన్నాడో లేదో, అటు తిరిగే ఉన్నాడు.

"వెళ్ళు. నిన్ను పట్టుకుని నేనేం చేసుకుంటాను" అంది అత్తగారు. చేతుల మట్టి దులుపుకుని, "ఫోన్ చేసేటప్పుడు, వచ్చేటప్పుడు సాకులు వెతుక్కోకు. ఇది చూడ్డానికొచ్చా, అది తీసుకెళ్ళడానికొచ్చా అనకు. ఊరికే రా."

అద్దాలమ్మాయి లేచి, చెయ్యి అందించింది. అత్తగారు పట్టుకుంది. ఇద్దరికీ మోకాళ్ళు పట్టేశాయి. ఒకరి బరువు ఒకరి మీద వేసుకుని నిలబడటానికి కొంచెం సేపు పట్టింది.